వారానికొక్కరోజు వేసుకునే మాత్ర: సోరియాసిస్‌పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షికకు అందిన ఉత్తరాలలో సోరియాసిస్ గురించి రాసినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో పూత మందులతో నెగ్గుకురాలేక లోపలికి మాత్రలు పుచ్చుకోవలసి వచ్చినవారు, పుచ్చుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నవారు రాసిన నాలుగింటిని ఎంచుకున్నాను. పేర్లు వేయవద్దని కోరినందువల్ల వయసు, ఉంటున్న పేట మాత్రమే ఇస్తున్నాము. ఇక్కడ చెప్పే మోతాదులు విషయం అర్థం కావడానికే. ఎవరికి ఎంత అన్నది వారిని కళ్లారా చూసిన డాక్టరే నిర్ణయించాలి.

ప్రశ్న: నా వయసు 48. సొంత ఊరు శ్రీకాళహస్తి. ఇరవై రెండేళ్లుగా చెన్నైలో, పెరంబూరులో ఉంటూ షావుకారుపేటలో ఒక దుకాణానికి లెక్కలు రాస్తున్నాను. 14 ఏళ్ల క్రితం మోచేతుల మీద మొదలైన సోరియాసిస్ ఇప్పుడు వీపు, పొట్ట, పిక్కలు, తల అన్నిటికీ పాకింది. రోజూ పొద్దున దుప్పటి దులిపితే చారెడు పొట్టు రాలుతుంది. డాక్టరు రాసిన 30 గ్రాముల ఆయింట్‌మెంటు ట్యూబు మూడు రోజులకు మించి రావడం లేదు. ఇటీవల ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుంటే మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి 7.5 మిల్లీగ్రాములు వేసుకోమన్నారు. మందుల దుకాణంలో అబ్బాయి ఆ చీటీ చూసి ‘ఇదు కేన్సర్ మాత్తిరై సార్’ అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి మా ఆవిడ ఆ మాత్రల అట్టను దేవుడి పటాల వెనుక దాచి, వేసుకోనివ్వడం లేదు. ఈ మాత్ర నిజంగా అవసరమా? జీవితాంతం వాడాలా? వంకాయ, ఎండుచేపలు మానేయాలా?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీరు ట్యూబు లెక్క రాయడం మంచిదైంది, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ లెక్కలోనే ఉంది. వేళ్లతో సహా మీ అరచేయి మీ ఒంటి చర్మంలో దాదాపు నూటికి ఒక వంతు ఉంటుంది. వేలి కొసనుంచి మొదటి కణుపు దాకా గీత గీసినట్టు పిండిన ఆయింట్‌మెంటు సుమారు అర గ్రాము తూగుతుంది, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. రోజుకు రెండు పూటలా రాస్తూ మూడు రోజులకు 30 గ్రాములు ఖర్చవుతున్నదంటే పూటకు 5 గ్రాములు, అంటే ఇరవై అరచేతులంత మేర, మీ చర్మంలో అయిదో వంతు, జబ్బు కింద ఉన్నదన్నమాట. పది అరచేతులు దాటితే దానిని తీవ్రమైన సోరియాసిస్‌గానే వైద్యులు లెక్కిస్తారు. మరొక సంగతి కూడా ఉంది. మీరు రాస్తున్నది క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్ అయితే దానిని వారానికి 50 గ్రాములు మించి వాడకూడదు, మీ వాడకం వారానికి 70 గ్రాములకు చేరింది. అంత మందు చర్మం గుండా రక్తంలోకి ఇంకడంవల్ల చర్మం పలచబడుతుంది, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ‘పైపూత గనుక ప్రమాదం లేదు, మాత్ర గనుక ప్రమాదం’ అన్న లెక్క ఇక్కడ తలకిందులైందని మీరూ మీ ఇల్లాలూ గ్రహించాలి.

సోరియాసిస్ చర్మం మీద కనిపించే జబ్బే గాని చర్మంలో పుట్టే జబ్బు కాదు. ఒంటిని కాపాడవలసిన తెల్లరక్తకణాలలో ఒక వర్గం దారి తప్పి చర్మాన్ని అనవసరంగా రెచ్చగొడుతుంది. మామూలుగా అడుగున పుట్టిన చర్మకణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నెలరోజులు పడితే, ఇక్కడ మూడు నాలుగు రోజుల్లోనే పైకి వచ్చి పడుతుంది. ముదరకుండానే పైకి వచ్చిన ఆ కణాలే మీ దుప్పటిలో రాలే పొట్టు. అది ఎవరికీ అంటదు. లోపల జరుగుతున్న ఈ పనిని కొద్దిచోట్ల అయితే పైపూతతో అదుపు చేయవచ్చు, ఒళ్లంతా పరుచుకున్నప్పుడు లోపలినుంచే అదుపు చేయాలి.

ఇక ‘కేన్సర్ మాత్ర’ అన్న మాట. దుకాణంలో అబ్బాయి అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. కేన్సర్‌లో కొన్ని చికిత్సలకు ఈ మందును ఒక్క విడతకే వేల మిల్లీగ్రాముల చొప్పున ఎక్కిస్తారు, అప్పుడది కణాలను చంపుతుంది. సోరియాసిస్‌కు ఇచ్చేది వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఈ మోతాదులో అది ప్రధానంగా చేసే పని రెచ్చిపోయిన తెల్లరక్తకణాలను శాంతపరచడం. కత్తి ఒకటే అయినా కూరలు తరగడం వేరు, చెట్టు కొట్టడం వేరు. ఇంకొక మాట, చికిత్సకు నేరుగా సంబంధించినది కాకపోయినా మీ ఇల్లాలి భయం తగ్గడానికి పనికొస్తుందని చెబుతున్నాను. ఈ మందు కథలో మన మనిషి ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ చెన్నైలోనే, సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నారు. ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై పూర్తి పట్టాకు బదులు తక్కువ స్థాయి పట్టాతో బయటపడవలసి వచ్చింది. తరువాత అమెరికా వెళ్లి, లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే 1940ల నడుమ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే మందులైన అమినాప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను కూడా తయారుచేసింది. అమినాప్టెరిన్ తీసుకున్న కీళ్లవాతం రోగులలో సోరియాసిస్ కూడా తగ్గడం 1951లో వైద్యుల కంటపడింది. అప్పటికి సుబ్బారావుగారు కాలం చేసి మూడేళ్లయింది. మీ డాక్టరు మెథోట్రెక్సేట్‌తో పాటు, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి, ఫోలిక్ యాసిడ్ కూడా రాసి ఉంటారు. అంటే ఆ పటాల వెనుక ఉన్న రెండు మందులూ ఒకే తెలుగువాడి బృందం చేతిమీదుగా వచ్చినవి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. నా అనుభవంలో ఈ మందు విషయంలో మనుషులు భయపడే చోట ప్రమాదం తక్కువ, భయపడని చోట ఎక్కువ. భయపడవలసినది మందు పేరుకు కాదు, ‘వారానికి’ అన్న మాటను చదవకపోవడానికి. మన దుకాణాలలో మాత్రలు పోసి ఇచ్చే కాగితపు కవరును ఒకసారి చూడండి. దాని మీద ‘కాలై, మదియం, ఇరవు’ (పొద్దున, మధ్యాహ్నం, రాత్రి) అని తమిళంలో మూడు గళ్లు అచ్చువేసి ఉంటాయి గాని ఏ రోజు అన్నదానికి గడి ఉండదు. వారానికొక్కసారి వేసుకోవలసిన మాత్రకు ఆ అబ్బాయి అలవాటుగా రాత్రి గడిలో ఒక గీత గీసి ఇస్తే, తమిళం అంతంతమాత్రంగా చదివే మనవాళ్లు దానిని ప్రతి రాత్రీ వేసుకుంటారు. అలా తొమ్మిది రోజులు వరుసగా వేసుకున్న ఒక పెద్దమనిషి నోరంతా పుండ్లతో, మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో నా దగ్గరకు వచ్చారు. ఆసుపత్రిలో చేర్చి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఎక్కిస్తూ, పడిపోయిన రక్తకణాలు తిరిగి లేచేదాకా కాపలా కాయవలసి వచ్చింది. ఆయన బ్రతికారు. రోజూ వేసుకున్నవారందరూ బ్రతకరు.

అందువల్ల వారంలో ఒక రోజును ఖాయం చేసుకుని, దానిని డాక్టరు చేత చీటీ మీద తెలుగులోనే, ‘మంగళవారం మాత్రమే’ అన్నట్టుగా రాయించుకోండి. శనివారం వద్దంటాను. ఏడుకొండలవాడి పేరున ఒంటిపూట ఉండేవారు మనలో ఎక్కువ, ఖాళీ కడుపున ఈ మాత్ర కొందరికి వికారం తెప్పిస్తుంది. రాత్రి భోజనం అయ్యాక వేసుకుని పడుకుంటే ఆ వికారం నిద్రలో గడిచిపోతుంది. గోడకున్న తెలుగు క్యాలెండరులో ఆ తేదీ మీద వేసుకున్న వెంటనే టిక్కు పెట్టండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు వేసుకోవాలి. కొందరు డాక్టర్లు వారానికొకసారి, కొందరు మెథోట్రెక్సేట్ రోజు తప్ప మిగతా అన్ని రోజులు అని రాస్తారు. రెండూ చిన్న మాత్రలే, చాలాసార్లు రెండూ పసుపు రంగువే. రోజూ వేసుకోవలసిన దానికి బదులు వారపు మాత్రను వేసుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అందుచేత రెంటినీ ఒకే డబ్బాలో పోయకుండా వాటి అట్టలలోనే వేర్వేరు చోట్ల ఉంచండి. దేవుడి పటాల వెనుక ఒకటి, బీరువాలో ఒకటి ఉంచినా అభ్యంతరం లేదు. చెప్పిన రోజు మరిచిపోతే రెండు రోజుల లోపు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. అది దాటితే ఆ వారం వదిలివేయాలే గాని మరుసటి వారం రెట్టింపు వేసుకోకూడదు.

మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, క్షయ లేదని తేల్చే పరీక్ష చేయించాలి. మొదటి నెలలో ఒకటి రెండుసార్లు, తరువాత కొంతకాలం నెలనెలా, కుదురుకున్నాక రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష తప్పదు. ఇందులో ఒక కిటుకు ఉంది. మాత్ర వేసుకున్న మర్నాడు గాని ఆ మరునాడు గాని రక్తం ఇస్తే కాలేయపు అంకెలు తాత్కాలికంగా పెరిగి కనిపిస్తాయి, దాంతో అనవసరంగా మందు ఆపేస్తారు. మంగళవారం మాత్ర వేసుకునేవారు ఆపై ఆదివారం గాని సోమవారం గాని రక్తం ఇస్తే నిజమైన అంకె తెలుస్తుంది. మద్యం అలవాటు ఉంటే ఈ మందు వాడినంతకాలం మానుకోవాలి, ‘వారానికొక్కసారే గదా’ అన్న వాదన మాత్రకు చెల్లుతుంది గాని మద్యానికి చెల్లదు. నోటిలో పుండ్లు, జ్వరం, ఒంటిమీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, పొడి దగ్గుతో ఆయాసం, కళ్లు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా ఆ వారం మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు నెమ్మదిస్తే మందు బయటికి పోక లోపలే నిలిచిపోతుంది. మూత్రంలో మంటకో దగ్గుకో వేరే డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందుగా చెప్పండి. కోట్రైమోక్సజోల్ అనే మామూలు యాంటీబయాటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రాణాపాయస్థాయికి పడిపోవచ్చు. ఒళ్లు నొప్పులకు డిక్లోఫెనాక్ వంటివి సొంతంగా కొని వేసుకోకుండా పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి.

ఫలితం విషయంలో ఓపిక కావాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాలకు పొట్టు తగ్గడం మొదలవుతుంది, పనిచేసిందా లేదా అన్నది 16 వారాలకు గాని తేల్చకూడదు. అప్పటికి సుమారు పదిమందిలో నలుగురికి జబ్బు నాలుగింట మూడు వంతులు తగ్గుతుంది. మిగతావారికి మోతాదు పెంచడమో, వేరే మందుకు మారడమో, స్తోమత ఉంటే కొత్త తరహా ఇంజెక్షన్లకు వెళ్లడమో జరుగుతుంది. ‘జీవితాంతమా’ అంటే, జబ్బు జీవితాంతం ఉండే స్వభావం గలది, మందు మాత్రం అవసరమైనంతకాలం. బాగా తగ్గి నిలకడగా ఉన్నవారికి నెమ్మదిగా మోతాదు తగ్గిస్తూ అతి తక్కువ దగ్గర ఆపుతాము, కొందరికి కొన్నేళ్లపాటు మానివేయడం కూడా సాధ్యపడుతుంది.

వంకాయ తినండి. ఎండుచేపలు ఇష్టమైతే అవీ తినండి. వాటివల్ల సోరియాసిస్ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోవడం, పొగ తాగడం మానుకోవడం మాత్రం నిజంగా పనికొచ్చే పత్యం.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది విజయవాడ, వేళచ్చేరిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా సోరియాసిస్ ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు మా ఊరిలో ఒక డాక్టరు అసిట్రెటిన్ 25 మిల్లీగ్రాముల మాత్రలు రాశారు. 20 రోజులు వాడాక పెదవులు పగిలి రక్తం వస్తుంటే భయపడి ఆపేశాను. నాలుగు నెలలలో నా పెళ్లి. ఈ మందు పిల్లలపై ప్రభావం చూపుతుందని స్నేహితురాలు అంటోంది. నిజమేనా?
— ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, నిజమే. మెత్తగా చెప్పడానికి వీలులేని విషయం గనుక సూటిగానే చెబుతున్నాను. అసిట్రెటిన్ గర్భస్థ శిశువుకు తీవ్రమైన అంగవైకల్యాలు కలిగించగలదు. మానివేసిన తరువాత కూడా మూడేళ్లపాటు గర్భం రాకుండా చూసుకోవాలన్నది ఈ మందు నియమం. 20 రోజులే వాడినా ఈ నియమం వర్తిస్తుంది. ఇంత దీర్ఘమైన గడువు ఎందుకంటే, ఒంట్లో మద్యం చేరినప్పుడు ఈ మందు ఎట్రెటినేట్ అనే మరో రూపంలోకి మారి కొవ్వులో చేరి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అందుచేత మద్యం కలిసిన ఏ పానీయమూ ముట్టుకోకూడదు. ఈ మూడేళ్లు రక్తదానం కూడా చేయకూడదు, మీ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో ఎవరికి తెలుసు? పెదవులు పగలడం ఈ మందుకు దాదాపు అందరిలోనూ కనిపించేదే, దానికి భయపడనక్కరలేదు. పిల్లలు కలగవలసిన వయసులోని స్త్రీకి ఈ మందును మరో దారి ఉండగా రాయకూడదన్నది నా దృఢాభిప్రాయం. రాసేటప్పుడు ఈ సంగతులన్నీ కూర్చోబెట్టి చెప్పకపోవడం మరింత తప్పు.

పెళ్లి ఆపనక్కరలేదు. గర్భనిరోధం గురించి స్త్రీల వైద్యురాలితో పెళ్లికి ముందే మాట్లాడి, నమ్మదగిన పద్ధతిని ఏర్పాటు చేసుకోండి. అత్తవారింటికి ఏమి చెప్పాలన్నది మీ ఇంటి విషయం. కాని మూడేళ్ల ఈ గడువు మీ ఇద్దరికీ సంబంధించినది గనుక కాబోయే భర్తకు పెళ్లికి ముందే తెలియాలని డాక్టరుగా కాక పెద్దదానిగా చెబుతున్నాను. జబ్బు సంక్రమిస్తుందేమోనని వారు అడిగితే, అంటువ్యాధి కాదనీ, వంశంలో కొంత మొగ్గు ఉన్నా తల్లిదండ్రులలో ఒక్కరికే ఉన్నప్పుడు ఎక్కువమంది పిల్లలకు రానే రాదనీ చెప్పవచ్చు.

ఇప్పుడు మీ చికిత్సకు నేరుగా పనికొచ్చేది 311 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలతో చేసే కాంతి చికిత్స. వారానికి రెండు మూడుసార్లు చొప్పున 20 నుంచి 30 విడతలు పడుతుంది, గర్భం దాల్చినా కొనసాగించవచ్చు. ఆసుపత్రికి అన్నిసార్లు తిరగడమే ఇందులో కష్టం. వేళచ్చేరినుంచి సాయంత్రం రద్దీలో వెళ్లివచ్చే తీరిక ఉందో లేదో మీరే చూసుకోవాలి. మెథోట్రెక్సేట్ మీకు రాస్తే గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం మూడు నెలలు ఆపాలి, కొన్ని మార్గదర్శకాలు ఆరు నెలలు అంటాయి. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నాము గదా అని ఈ గడువును తగ్గించుకోకూడదు. జబ్బు ఒక్కసారిగా విజృంభిస్తే సైక్లోస్పోరిన్ అనే మందు ఉంది. ఇది రెండు మూడు వారాలలోనే పని మొదలుపెడుతుంది, కాని రక్తపోటునూ మూత్రపిండాలనూ కనిపెట్టి ఉంటూ కొద్ది నెలలకే పరిమితం చేయాలి. కాంతి చికిత్సతో పాటు మాత్రం కలపకూడదు. గర్భం వచ్చాక సగం మందికి పైగా స్త్రీలలో సోరియాసిస్ దానంతటదే తగ్గడం, కాన్పు తరువాత తిరిగి పెరగడం తరచుగా చూస్తుంటాము.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, 60 కిలోలు. కావలిలో ఉండేవారు, ఇప్పుడు ఆవడిలో మా దగ్గర ఉంటున్నారు. మధుమేహం, రక్తపోటు ఉన్నాయి, మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది. ఒళ్లంతా సోరియాసిస్ వస్తే అప్రెమిలాస్ట్ మాత్రలు మెట్లుమెట్లుగా పెంచుతూ 30 మిల్లీగ్రాములు రెండు పూటలా వేసుకోమన్నారు. నాలుగో రోజునుంచి విరేచనాలు కావడంతో ఆపేశాము. వేరే మందు అడగాలా?
— ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: నాన్నగారికి ఈ మందును ఎంచుకోవడం సబబే. మెథోట్రెక్సేట్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది గనుక ఆయనకు ప్రమాదకరం. సైక్లోస్పోరిన్ ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తుంది. అప్రెమిలాస్ట్ రోగనిరోధకశక్తిని పెద్దగా అణచదు, రక్తకణాలను పడగొట్టదు. అసలు కిటుకు మోతాదులో ఉంది. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, వయసూ బరువూ కలిపి మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో లెక్కవేయాలి. 140లోనుంచి ఆయన వయసు తీసివేస్తే 74, దానిని 60 కిలోలతో హెచ్చవేసి, 72ను 2.1తో హెచ్చవేయగా వచ్చిన దానితో భాగిస్తే 29 చిల్లర తేలుతుంది. ఈ లెక్క 30కి దిగువన ఉన్నవారు అప్రెమిలాస్ట్‌ను 30 మిల్లీగ్రాములు రోజుకు ఒక్కపూటే తీసుకోవాలి, మెట్లు ఎక్కించేటప్పుడు కూడా ఉదయపు మాత్రలే వేసుకుని సాయంత్రానివి వదిలివేయాలి. మీ ఉత్తరంలో రెండు పూటలా అని ఉంది. ఈ లెక్కను కాగితం మీద రాసుకుని వెళ్లి డాక్టరుగారికి చూపించండి, తప్పుపట్టినట్టు కాకుండా సందేహం తీర్చుకున్నట్టు అడగండి. అంకె అంచున ఉన్నది గనుక వారు మరోసారి క్రియాటినిన్ చేయించి నిర్ణయిస్తారు.

విరేచనాలు ఈ మందుకు మామూలే. ఎక్కువగా మొదటి రెండు వారాలలో వచ్చి నెల తిరిగేసరికి తగ్గిపోతాయి. కాని మీ నాన్నగారి వయసులో, రక్తపోటుకు మూత్రం పోయించే మాత్ర కూడా వేసుకుంటుంటే, ఒంట్లో నీరు పోవడం మూత్రపిండాలకు చేటు. అందుకని ఆపి డాక్టరును అడగడం మంచి పనే. తగ్గిన మోతాదుతో తిరిగి మొదలుపెట్టినప్పుడు ఇవి రాకపోవచ్చు. నెలకొకసారి బరువు చూడండి, ఈ మందు కొందరిలో బరువు తగ్గిస్తుంది. మనసు దిగాలుగా ఉండడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే చెప్పండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటివి దీని బలాన్ని తగ్గిస్తాయి. ఫలితానికి 16 వారాలు ఆగాలి. మరొకటి, ఆయన రక్తపోటు మందులలో మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటివి ఉన్నాయేమో చూడండి. ఆ వర్గపు మందులు కొందరిలో సోరియాసిస్‌ను రెచ్చగొడతాయి. ఉన్నా మీరుగా ఆపకండి, ఒక్కసారిగా ఆపితే గుండెకు ముప్పు. మార్చడానికి వీలుందా అని గుండె డాక్టరును అడగండి.

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. సోరియాసిస్‌కు ఒక వైద్యుడు ఇచ్చిన పేరులేని తెల్లపొడి పొట్లాలు వాడితే పదిరోజుల్లో ఒళ్లు నిగనిగలాడింది. ఆరు నెలలు వాడాను. ముఖం ఉబ్బింది. పొట్లాలు అయిపోతే వారానికే రెండింతలుగా తిరగబెడుతోంది. మళ్లీ తెచ్చుకోనా?
— ఒక పాఠకుడు, కొడంబాక్కం

జవాబు: పదిరోజుల్లో ఒళ్లు నిగనిగలాడించి, ముఖం ఉబ్బించి, ఆపగానే రెట్టింపుగా తిరగబెట్టే పొడి దాదాపు ఖాయంగా స్టెరాయిడే. సోరియాసిస్‌కు స్టెరాయిడ్‌ను మాత్రగా గాని ఇంజెక్షన్‌గా గాని వాడకూడదనడానికి కారణం మీరు రాసిన ఆఖరి వాక్యమే. ఆపినప్పుడు జబ్బు చీము పొక్కులుగానో, ఒళ్లంతా ఎర్రబడి ఊడిపోయే స్థితిగానో మారవచ్చు.

మళ్లీ తెచ్చుకోవద్దు. అలాగని ఇంట్లో మిగిలిన పొట్లాలను ఈ రోజే పారవేసి ఊరుకోవద్దు కూడా. ఆరు నెలలు బయటినుంచి స్టెరాయిడ్ అందడంతో మీ ఒంట్లో దాని తయారీ అణగిపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆగితే నీరసం, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. మిగిలిన పొట్లాన్ని, ఖాళీ పొట్లమైనా సరే, వెంట తీసుకుని ఈ వారంలోనే చర్మవైద్యుడి దగ్గరకు వెళ్లండి. వారు తెలిసిన స్టెరాయిడ్‌ను లెక్క ప్రకారం ఇచ్చి కొన్ని వారాలపాటు తగ్గిస్తూ, ఆ చాటున పై ఉత్తరాలలో చెప్పిన మందులలో మీకు తగినదానిని మొదలుపెడతారు. రక్తపోటు, చక్కెర, ఎముకల పరిస్థితి చూస్తారు. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు అరగంటకు పైగా బిగుసుకుని ఉంటే ఆ మాట కూడా చెప్పండి, ఎందుకంటే సోరియాసిస్ కీళ్లకు దిగినప్పుడు మందు ఎంపికే మారిపోతుంది. ఈలోగా చలిజ్వరంతో ఒళ్లంతా ఎర్రబడినా, చీము పొక్కులు లేచినా, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మినా, ముందుగా సమయం తీసుకున్న రోజుకోసం ఆగకుండా ఆ పూటే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, మొట్టమొదట ఆ పొట్లాన్ని బల్ల మీద పెట్టండి.